శుభం కత్తికి నూనె

మా తమ్ముడికి ఇంకా నూనూగు మీసాలే గానీ, ఈమధ్య గడ్డం మీద మోజు పెరిగింది. ఎక్కడినుంచో ఒక మడత కత్తి తెప్పించుకున్నాడు. పాతకాలం మంగళ్ల చేతిలో ఉండేదే, కాకపోతే దీన్ని చెక్కపెట్టెలో మఖమల్ గుడ్డ పరిచి పడుకోబెట్టి అమ్ముతున్నారు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, దీనికి తుప్పు పట్టకుండా నూనె రాయాలట. ఏ నూనె రాయమంటావు? ఇంట్లో కొబ్బరినూనె ఉంది, సరిపోతుందా?" అని అడిగాడు.

"కొబ్బరినూనె వద్దురా. ఏసీ గదిలో గడ్డకడుతుంది. కుట్టుమిషన్ నూనె తెచ్చుకో" అన్నాను.

"ఇవన్నీ నీకెలా తెలుసే?" అని నవ్వాడు. ఎక్కడో చదివానని చెప్పాను. చదవలేదు. కత్తుల సంగతి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోం. వాడి పుట్టువెంట్రుకలు తీసింది ఎవరో వాడికి ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేశాక మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఇన్నేళ్లు గడిచినా ఆ వేసవి తలుచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు మేం దోహాలో, అల్ తుమామాలో ఉండేవాళ్లం. ఫుట్‌బాల్ పోటీలు వస్తున్నాయని ఊరంతా తవ్విపోసిన రోజులు. నిన్న స్కూలు బస్సు వెళ్లిన దారి ఇవాళ ఉండేది కాదు. ఎటు చూసినా క్రేన్లు, రేకుల అడ్డుగోడలు, వాటి మీద ఆకుపచ్చ గడ్డిలో నవ్వుతున్న పిల్లల బొమ్మలు. నాన్న లుసైల్ వైపు ఒక సైట్లో ఇంజనీరు. కాంక్రీటు పోయకముందు ఇనుప కడ్డీలను పరీక్షించడం ఆయన డ్యూటీ. తుప్పు ఎక్కువైతే లారీకి లారీనే వెనక్కి పంపించేవాడు. సముద్రపు గాలి ఇనుమును ఎలా తినేస్తుందో అన్నం తింటూ కూడా చెప్పేవాడు. ఆ పూట కూర ఎలా ఉందో మాత్రం చెప్పేవాడు కాదు.

ఆ ఏడాది ఆయనకు సెలవు దొరకలేదు. మా బిల్డింగులో తెలుగువాళ్లందరూ వేసవికి ఊళ్లకు వెళ్లిపోయారు. కింది అంతస్తులో ఉండే ఆంటీ, ఆవిడది గోదావరి వైపు, వాళ్లు కూడా తాళం వేసుకుని వెళ్లారు. బిల్డింగు బోసిపోయింది. మేమే వెళ్లలేం గనక తాతనే రప్పించారు. నాన్నకు తండ్రి. ఉత్తర తెలంగాణలో ఒక పల్లె. విజిట్ వీసా మీద, మనవణ్ణి చూడటానికి వచ్చాడు.

చూడటానికే కాదని సూట్‌కేసు తెరిచాక తెలిసింది. తెరవగానే గుప్పుమని ఆముదం వాసన. ఇంట్లో వండిన ఆముదం, కొంచెం మాడిన గింజల వాసన, చిక్కగా, గొంతులోకి దిగేలా ఉంటుంది. సీసా మూత ఊడి కొత్త పంచెలు, సకినాల డబ్బా, అమ్మకు తెచ్చిన చీర అన్నీ నానిపోయాయి.

"మూత మంచిగనే బిగించిన బిడ్డా. ఇమానంల ఏం జేసిండ్రో ఏమో" అన్నాడు తాత, తప్పంతా విమానానిదే అన్నట్టు. సకినాలు మాత్రం పారేయనివ్వలేదు. ఆముదం సకినాలు తిన్న వాళ్లం దోహా మొత్తంలో మేమొక్కళ్లమే అయ్యుంటాం. ఫలితం మర్నాడు అందరం అనుభవించాం.

ఆ పంచెల మధ్య పొది ఉంది. తోలుసంచి. మంగలి సామాను పెట్టుకునేది. తాత దాన్ని నేలమీద చాప వేసి విప్పాడు. కత్తెర, దువ్వెన, సానరాయి, తోలుపట్టీ, గిన్నె, పటికముక్క, రెండు కత్తులు. పటికముక్కను చూసి కలకండ అనుకుని తాత అటు తిరగ్గానే నాకాను. నోరంతా పిడచకట్టుకుపోయి నేను మొహం వంకర్లు తిప్పుతుంటే తాత కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "మీ అయ్య గూడ గింతప్పుడు గిట్లనే నాకిండు" అన్నాడు. నాన్న అది విని బయటికి వెళ్లిపోయాడు.

రెండు కత్తుల్లో ఒకదానికి నల్లపిడి. ఇంకోదానికి కొమ్ముతో చేసిన తేనెరంగు పిడి.

"ఈ నల్లది దినాలకు బిడ్డా. ఎవలన్న సచ్చిపోతె గుండ్లు గీసేది. గిదేమో పెండ్లిళ్లకు, పుట్టెంటికలకు. శుభానికి. రెండు ఎన్నడు కలుపొద్దు" అని చెప్పాడు. దినాల కత్తికి నువ్వులనూనె రాస్తాడు. శుభం కత్తికి ఆముదం. కళ్లు మూసుకుని పట్టుకున్నా ఏ కత్తి చేతికి వచ్చిందో వాసనే చెప్పేస్తుందట. "మా అయ్య గట్లనే జేసిండు, ఆయన అయ్య గట్లనే జేసిండు. మీ తమ్మునివి నా చేతులతోని తీసి పోత" అన్నాడు. అంటే అందుకు వచ్చాడన్నమాట. వాడికి ఏడాది నిండేలోపు, తన వీసా అయిపోయేలోపు.

ఇక్కడ మా ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. మా నాన్న మంగలి కొడుకని దోహాలో ఎవరికీ తెలియదు. హైదరాబాదులో చదువుకునేటప్పుడే ఆయన యాస మార్చుకున్నాడు. బయట 'వెళ్లాడండీ, వచ్చాడండీ' అంటాడు. ఇంట్లో తాతతో మాత్రం 'పోయిండు, వచ్చిండు'. బయటివాళ్ల దగ్గర 'నాన్నగారు', ఇంట్లో 'బాపు'. నాన్నగారు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే 'వ్యవసాయం' అనేవాడు. నేను కూడా స్కూల్లో అదే చెప్పాను. ఎన్ని ఎకరాలని ఒక పిల్ల అడిగితే తడుముకోకుండా ఇరవై అన్నాను. మా తాతకు గజం నేల లేదు. ఎవరో కులం మాట ఎత్తితే చాలు, నాన్న గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మాట మార్చేవాడు. అమ్మకు అంత బెంగ ఉండేది కాదు. హైదరాబాదులో వాళ్ల నాన్నకు సెలూన్ ఉండేది, దాని మీదే ఆవిడ డిగ్రీ చదివింది. అయినా భర్త మాట కాదనలేక ఊరుకునేది.

ఆముదం పోయింది గనక తాతకు మొదటి పని నూనె వెతకడం. దోహా వేసవి గాలి ఎలాంటిదో ఆయన వచ్చిన మర్నాడే కనిపెట్టాడు. ఇంట్లోంచి అడుగు బయట పెడితే కళ్లద్దాలు తెల్లబడిపోతాయి. తెల్లవారేసరికి బాల్కనీ నేల వాన కురిసినట్టు తడిసి ఉంటుంది. "ఈడ ఇనుము బతకది" అన్నాడు. ఊరికి ఫోన్ చేసి, "దుబాయ్‌ల ఒకటే ఉబ్బరం" అని చెప్పాడు. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు అంతా దుబాయే.

శుక్రవారం నాన్న మమ్మల్ని అల్ ఘర్రాఫా వైపు పెద్ద మార్కెట్‌కు తీసుకెళ్లాడు. నూనెల వరసే ఒక వీధంత ఉంది. తాత పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఒక్కొక్క సీసా ముందు నిలబడ్డాడు. ఆలివ్ నూనె మూత తీసి వాసన చూసి, "పచ్చికాయ లెక్క ఉంది, కత్తికి పసరు పడ్తది" అన్నాడు. ఆవనూనె వాసన చూసి తుమ్మాడు. ఇంకో సీసా మూత తిప్పుతుంటే ఫిలిప్పీన్స్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "సర్, నో ఓపెన్, ప్లీజ్" అంది. నాన్న మొహం కందగడ్డ అయిపోయింది. తెరిచిన సీసాలన్నీ కొనేశాడు. ఆ తర్వాత నెలంతా మా ఇంట్లో వంకాయకూర ఆలివ్ నూనెతోనే.

కేరళ కొట్టు నుంచి తెచ్చిన కొబ్బరినూనె గదిలోకి రాగానే తెల్లగా గడ్డకట్టింది. బయట పెడితే నీళ్లలా జారిపోయింది. నువ్వులనూనె దొరికింది గానీ దాన్ని శుభం కత్తికి రాయడమంటే తాతకు చెంపలు వేసుకునేంత పని. చివరికి ఆముదం మందుల షాపులో ఉంటుందని అమ్మ చెప్పింది. నేనూ తాతా వెళ్లాం. షాపాయన మలయాళీ. చిన్న సీసా తీసి ఇస్తూ, "కిస్కో మోషన్ ప్రాబ్లం?" అని అడిగాడు.

"ఆద్మీకు నై సాబ్, ఉస్త్రాకు" అన్నాడు తాత గంభీరంగా. మనిషికి కాదు, కత్తికట. షాపాయన నా వైపు చూశాడు. నేను మందుల అద్దాల వైపు చూశాను. దారి పొడవునా తాతకు నాలుగడుగులు వెనకే నడిచాను, ఎవరో తెలియనట్టు.

ఆ ఆముదం నీళ్లలా తేటగా ఉంది. వాసనే లేదు. "వాసన లేని ఆముదం ఏం ఆముదం" అని గొణిగినా అదే రాశాడు. నాన్న చూసి, "బాపూ, అది బంక. గాలిలున్న ఇసుకంత దానికే పట్టుకుంటది. మిషిన్ ఆయిల్ తెస్త, అది రాయి" అన్నాడు.

"పసిగుడ్డు నెత్తి మీద కిరసనాయిల్ కంపా? నువ్వు కడ్డీల సంగతి చూసుకో. కత్తి సంగతి నాకు ఇడిసిపెట్టు" అన్నాడు తాత. మంగలి పాత, చాకలి కొత్త అని సామెత. పాత మంగలి మాటకు ఎదురేముంది?

తర్వాతి శుక్రవారం నాన్న ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చారు. పై అధికారి కూడా వస్తున్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టు అమ్మ మూడు రకాల స్వీట్లు చేసింది. బెల్ మోగబోయే ముందు నాన్న హాల్లో మూలనున్న పొదిని చూశాడు. గబుక్కున తీసి బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక్కి తోశాడు. తాతను ఇస్త్రీ చొక్కాలో కూర్చోబెట్టి, "మా నాన్నగారు. ఊళ్లో వ్యవసాయం" అని పరిచయం చేశాడు. తాత రెండు చేతులూ జోడించి, భోజనాలయ్యేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. పై అధికారికి జుట్టు చెవుల మీదికి దిగి ఉంది. తాత చూపు మాటిమాటికీ అటే పోవడం నేను గమనించాను. నవ్వాగక వంటింట్లోకి పారిపోయాను.

అందరూ వెళ్లారు. పొది సంగతి నాన్న మరిచిపోయాడు. రెండు మూడు రోజులు తాత ఇల్లంతా వెతికాడు. ఎవర్నీ అడగలేదు, అదీ ఆయన మొహమాటం. చివరికి అమ్మ బట్టలు వేస్తూ చూసి తెచ్చింది. మెషిన్ పైపు కారి సంచీ అడుగు తడిసిపోయింది. తాత చాప మీద కూర్చుని విప్పాడు. గుడ్డలో చుట్టి, ఊళ్లోనే నువ్వులనూనె పట్టించుకొచ్చిన దినాల కత్తి చెక్కుచెదరలేదు. తేనెరంగు పిడిలోంచి శుభం కత్తిని తెరవబోతే కిర్రుమంది. ఆముదం బంకలా ఇసుకను పట్టుకుంది, దాని కింద అంచు పొడవునా ఎర్రటి పొక్కులు.

తాత దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కత్తికి తుప్పు పట్టనిచ్చిన మంగలోడు ఎందుకు బిడ్డా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. నాన్న డ్యూటీ నుంచి వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"నూనె నేనే తప్పు ఏరిన. నువ్వు జెప్పినవు, నేను ఇనలే" అన్నాడు తాత, కొడుకు మొహం చూడకుండా.

బాల్కనీలో పెట్టింది నేనే బాపూ అని నాన్న అంటాడని ఎదురుచూశాను. అమ్మ కూడా ఎదురుచూసింది. నాన్న బూట్లు విప్పుకుని, "చూద్దాం తే" అన్నాడు. అంతే. తప్పు నూనె మీదే ఉండిపోయింది.

కాకపోతే మర్నాడు సైట్ నుంచి నీటిలో తడిపి రుద్దే నున్నటి ఎమరీ కాగితం తెచ్చాడు. సందు చివర దర్జీ, పాకిస్తానీ చాచా, ఆయన దగ్గర కుట్టుమిషన్ నూనె అడిగి సీసాలో పోయించుకున్నాడు. "బాపూ, నూనె దాసిపెట్టేటానికి. గీసేటప్పుడు వేడినీళ్లు, సబ్బు పెట్టి కడిగేస్తం గద. పిల్లగాని నెత్తికి వాసన ఎందుకు అంటుతది?" అన్నాడు. తాత ఆలోచించాడు. మనసు ఒప్పలేదు. వేలికి నూనె రాసుకుని వాసన చూశాడు, రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. బంక లేదు. "పలచగున్నది. పట్టుకుంటది గూడ" అని ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రాలు మా ఇంట్లో మళ్లీ రాలేదు. తండ్రీ కొడుకులు చాప మీద ఎదురెదురుగా కూర్చుని తుప్పు వదిలించారు. నాన్న ఎమరీతో రుద్దితే తాత సానరాయి మీద నీళ్లు చల్లి కత్తిని ఒకవైపు, మళ్లీ ఇంకోవైపు తిప్పి తీసేవాడు. పైపొర తుప్పుకూ లోపలికి తిన్న తుప్పుకూ తేడా ఏమిటో నాన్న చెప్పాడు. చెమట ఎక్కువున్న మనిషిని గీసినరోజు కత్తిని ఎలా ఆరబెట్టాలో తాత చెప్పాడు. అమ్మ అల్లం, యాలకులు దంచి కరక్ చాయ్ పెట్టింది. గోడకు కట్టిన తోలుపట్టీ మీద కత్తి చప్పుడు, చాయ్ వాసన, ఇద్దరూ ఒకే యాసలో మాట్లాడుకోవడం. నాన్న అంత గట్టిగా నవ్వగలడని నాకు అప్పుడే తెలిసింది. చివర్లో తాత తన ముంజేతి మీది వెంట్రుకలు గీసి చూసుకుని, "వచ్చింది" అన్నాడు. నాన్న ఆ కత్తికి తన చేత్తో నూనె రాశాడు.

"ఇంట్లనే చేద్దాం బాపూ, నీ చేతనే" అన్నాడు. అప్పటిదాకా మాల్‌లో కారు బొమ్మ కుర్చీ ఉన్న సెలూన్ అనుకున్నాడు మరి. ఎవర్నీ పిలవలేదు. అది మాత్రం నాన్న పంతం.

ఆ రోజు పొద్దున్నే హాల్లో పీట వేశారు. మేనమామ లేడు గనక అతని పేరు చెప్పి అమ్మ ఒక వెంట్రుక కత్తిరించింది. తమ్ముణ్ణి నాన్న ఒళ్లో పెట్టుకున్నాడు. తాత కత్తిని కడిగి తుడిచి, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తృప్తిపడ్డాడు. వాడు ఏడవకుండా ఏదో పాటలాంటిది గొణుగుతూ తల మీద వేళ్లతో నీళ్లు రుద్దుతూ గీశాడు. ఒక్క గాటు పడలేదు. మెత్తని జుట్టు పసుపు రాసిన పళ్లెంలో పడుతోంది. సగం తల అయింది. అప్పుడు బెల్ మోగింది. ఎవరో ఏమిటో చూడకుండా వెళ్లి నేనే తలుపు తీశాను.

కింది అంతస్తు ఆంటీ. ముందురోజే ఊరి నుంచి దిగారట. చేతిలో పూతరేకుల డబ్బా. "ఏవమ్మా, ఎంత పొడుగయ్యావే!" అంటూ లోపలికి వచ్చి చూసింది. "అయ్యయ్యో, పుట్టువెంట్రుకలా! మాకు చెప్పనేలేదేంటండీ! ఇంత చక్కని మంగలిని దోహాలో ఎక్కడ పట్టారండీ?"

అమ్మ నాన్న వైపు చూసింది. నేనూ చూశాను. నాన్న ఒళ్లో తమ్ముడు, నాన్న ముందు గొంతుక్కూర్చుని ఆయన తండ్రి. ఇద్దరి ముక్కూ ఒకటే, ఇద్దరి చెవులూ ఒకటే. ఆవిడ కాస్త నిదానంగా చూస్తే తెలిసిపోయేది. నాన్న వంగి తమ్ముడి చెవి మీద అంటుకున్న వెంట్రుకలు దులిపాడు.

తాత తల ఎత్తకుండా, "నేను లేబర్ క్యాంపుల ఉంటనమ్మా. సారు పిలిస్తె వచ్చిన" అన్నాడు.

సారు. కొడుకును.

"ఓహో, క్యాంపులో ఉంటావా! చెయ్యి ఎంత తేలిగ్గా ఉందండీ. మా అమ్మాయి మనవణ్ణి తీసుకొచ్చింది, వాడికీ చెయ్యాలి. ఏమయ్యా, శుక్రవారం మా ఇంటికి వస్తావా? కింద మాదే" అంది ఆవిడ. ఆవిడ మంచిదే. నవ్వుతూనే అడిగింది. అక్కడే కూర్చుంది కూడా, అయిపోయేదాకా చూసి వెళతానని.

తల నున్నగా అయింది. గంధం రాశారు. ఇక మంగలికి ఇవ్వాల్సింది ఇవ్వాలి. బియ్యం, బెల్లం, కొబ్బరిచిప్ప, కొత్త తువ్వాలు. ఇంటి మనిషేనని అమ్మ అవేవీ సిద్ధం చేయలేదు. ఆంటీ గుర్తుచేసింది. "ఉత్తచేతులతో పంపకూడదండీ, పిల్లాడికి మంచిది కాదు" అంది. అమ్మ లోపలికి వెళ్లి పళ్లెంలో బియ్యం తెచ్చింది. నాన్న లేచాడు. తాత తన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో పరిచి పట్టుకున్నాడు. నాన్న అందులో బియ్యం పోశాడు. తాత వంగి, "సల్లగుండాలె" అన్నాడు. పొది చుట్టుకుని, మా ఇంటి తలుపు తీసుకుని, చెప్పులు వేసుకుని, బయటికి వెళ్లిపోయాడు. ఎక్కడికి పోతాడు? ఆంటీ వెళ్లేదాకా కింద కొట్టు ముందు ఎండలో కూర్చున్నాడు. అమ్మ నన్ను పంపి పిలిపించింది. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఆ బియ్యాన్ని కోడలి చేతికిచ్చి, "వండు బిడ్డా, సన్నబియ్యమే" అన్నాడు.

నాన్న ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏదో అనబోయాడు. "నువ్వు తిప్పల పడ్తున్నవని చెప్పిన. ఉద్యోగస్తునివి. నాకేముంది, రేపో మాపో పోయేటోన్ని" అని ఆపేశాడు తాత.

"శుక్రారం పోకు బాపూ."

"ఎట్ల పోకుంట? పిలిస్తె పుట్టెంటికలకు పోకుంట ఉంటమా? పోకపోతె ఎందుకు రాలేదని నిన్నే అడుగుతది గద."

శుక్రవారం తాత లిఫ్టులో నేలదాకా దిగి, కొట్టు ముందు కాసేపు నిలబడి, క్యాంపు నుంచి వచ్చినవాడిలా మళ్లీ పైకి వచ్చి ఆంటీ వాళ్ల బెల్ కొట్టాడు. నాకు ఆ సంగతి ఎలా తెలుసంటే, అప్పటికే అమ్మా నేనూ ఆ ఇంట్లో కిటికీ పక్క సోఫాలో కూర్చుని చూస్తున్నాం, పేరంటానికి పిలిచారు మరి. నాన్న తలనొప్పని ఇంట్లో పడుకున్నాడు.

తాత మా వైపు చూశాడు. ఎప్పుడూ చూడని మనుషుల్ని చూసినట్టు. ఆంటీ వాళ్ల మనవడు గుక్కపట్టి ఏడ్చాడు, తాత వాడికీ అదే పాట గొణిగాడు. మధ్యలో నా వైపు తిరిగి, "పాపా, గా చెంబు ఇటియ్యమ్మా" అన్నాడు. ఎప్పుడూ 'బిడ్డా' అనేవాడు. నేను చెంబు ఇచ్చాను. తడివేళ్లు నా వేళ్లకు తగిలాయి. ఆ క్షణంలో తాతా అని పిలిచి ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఏమీ కాకపోయేదేమో. కానీ ఇరవై ఎకరాల అబద్ధం చెప్పిన నోరు నాది, అది పెగల్లేదు.

అయ్యాక ఆంటీ అమ్మకు బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుంది. తాతను గుమ్మం బయట నిలబెట్టి తువ్వాలులో బియ్యం పోసింది. "మీ పుణ్యమా అని మంచి మంగలి దొరికాడండీ" అంది అమ్మతో. అమ్మ నవ్వింది. ఇంటికొచ్చి స్నానాలగదిలో తలుపు వేసుకుంది.

వారం తిరిగేలోపు తాత వెళ్లిపోయాడు. వీసాకు ఇంకా గడువుంది. అడిగితే, వచ్చిన పని అయింది గద అన్నాడు. నాన్న ఎయిర్‌పోర్టు నుంచి తిరిగొచ్చి కుట్టుమిషన్ నూనె సీసా అలమరలో కనబడితే బయట పారేశాడు. ఆ రోజు నుంచి నాన్నతో నేను సరిగ్గా మాట్లాడలేదు. ఆయన కూడా ఎందుకని అడగలేదు.

కొన్నేళ్లకు, స్టేడియాలు పైకప్పుల దాకా లేచిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఊరి నుంచి ఫోన్ వచ్చింది. తాత పోయాడు. నిద్రలోనే. నాన్న సాయంత్రం విమానానికి టికెట్ తీసుకుని బ్యాగు సర్దుకుంటున్నాడు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదని ఆంటీ అన్నం, చారు వండి తీసుకొచ్చింది. తమ్ముణ్ణి వాళ్లింటికి పంపించేసింది, పిల్లాడికి ఇవన్నీ ఎందుకని. తర్వాత నాన్న ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకుంది.

"పెద్దాయన్ని ఒక్కసారైనా చూడలేకపోయానండీ. ఆయన వచ్చిన వేసవిలో మేం ఊళ్లో ఉండిపోయాం. చూస్తే ఆశీర్వాదం తీసుకునేదాన్ని."

నాన్న చొక్కా మడతపెడుతూ ఆగాడు.

"చూశారండీ" అన్నాడు. "మీ మనవడి పుట్టువెంట్రుకలు తీసింది మా బాపే. క్యాంపు మనిషి కాదు. మా బాపు. మేం మంగళ్లం."

ఆంటీకి మొదట అర్థం కాలేదు. అమ్మ మొహం చూసింది, నా మొహం చూసింది. అర్థమయ్యాక రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో... ఆయన్ని గుమ్మం బయట నిలబెట్టి బియ్యం పోశానే! మీ ఆవిడా అమ్మాయీ లోపల కూర్చుని ఉండగా... నాకు తెలీదండీ, నిజంగా తెలీదు."

"మీరు తెలియక పోశారు" అన్నాడు నాన్న. "నేను తెలిసి పోశాను."

చొక్కా బ్యాగులో పెట్టి జిప్ లాగాడు. ఆంటీ ఏడుస్తూనే ఉంది. నాన్నకు కన్నీళ్లు రాలేదు, తల మాత్రం పైకెత్తలేకపోయాడు. ఆ మాట ఏనాటికైనా ఆయన నోట వింటే నా కోపం పోతుందని అన్నేళ్లూ అనుకున్నాను. పోలేదు. ఆ మాట వినాల్సిన మనిషి ఊళ్లో పాడె మీద ఉన్నాడు. లిఫ్టు దాకా నాన్న బ్యాగు నేనే మోశాను. తలుపులు మూసుకుంటుంటే ఆయన నాకేసి చూశాడు, నేను ఇంకో పక్కకు చూశాను.